క్లబ్‌హౌస్ దొరకని అభ్యర్థి

కిందటి లోక్‌సభ ఎన్నికల్లో మా ఆఫీసులో పనిచేసిన అక్క ఒకామె స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. హైటెక్ సిటీలో తొమ్మిదేళ్లు నాకు టీమ్ లీడ్. కడప నుంచి వచ్చిన నాకు పని నేర్పింది ఆమే. వాళ్లు ముస్లింలు. తండ్రి బాలానగర్ కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఖాజాగూడ చెరువులో మురుగు కలుస్తోందని మూడేళ్లు అర్జీలు పెట్టి పెట్టి, విసిగిపోయి, అక్క ఉద్యోగం మానేసి నామినేషన్ వేసింది.

కోకాపేటలో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌ను అక్క ప్రచార సమావేశానికి ఆదివారం ఒక గంట ఇమ్మని అడిగాను. అసోసియేషన్ అధ్యక్షుడు, రిటైరైన ఇంజనీరు, వెంటనే సరేనన్నాడు. కరపత్రం మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలోపే ఎవరో ఒక ఫార్వర్డ్ దించారు, ఆమె కుటుంబం పాకిస్తాన్ నుంచి వచ్చిందట. బాలానగర్ సంగతి వివరంగా రాశాను. ఎవరూ చదివినట్టు లేదు.

సాయంత్రం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "రాజకీయ సమావేశాలు వద్దనుకున్నామండి."

"పోయిన వారం ఇంకో అభ్యర్థికి ఇడ్లీలు పెట్టి మరీ జరిపారు కదండీ?"

"అది పరిచయ కార్యక్రమమండి. అది వేరు."

నేనూ తక్కువ తినలేదు. మర్నాడు ఆమెతో, "అక్కా, కరపత్రంలో పేరు చిన్న అక్షరాల్లో వేద్దామా? ముందు చెరువు సంగతి చదువుతారు" అన్నాను.

"నా పేరు దాచి ఎవరికి ఓటు అడుగుతవు? జర ఆలోచించు" అంది. కోపం లేదు. ఇలాంటివి చాలా విన్న గొంతు అది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చివరికి గేటు బయట ఫుట్‌పాత్ మీద సమావేశం పెట్టాం. కుర్చీలు మా ఆయనే మోశాడు. పద్నాలుగు మంది వచ్చారు. చెరువు గురించి, బస్సుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. మొదటి ప్రశ్న మా అంతస్తులో ఉండే ఒకాయనది.

"అవన్నీ సరే మేడమ్. మీవాళ్ల గురించి ఏమంటారు?"

"మావాళ్లంటే? బాలానగర్ వాళ్లా, సాఫ్ట్‌వేర్ వాళ్లా?"

"నేనేం అడుగుతున్నానో మీకు తెలుసు. మీకు దేశం ముందా, మతం ముందా?"

"పోయిన వారం వచ్చినాయనను గీ ప్రశ్న అడిగిన్రా సార్?" అంది. ఆయన కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దేశమే ముందు. మా తాత, మా నాయన ఈడనే పుట్టిన్రు. ఇగ చెరువు గురించి ఏమన్న అడుగుండ్రి."

చెరువు గురించి ఒక్కరూ అడగలేదు. వెళ్తూ వెళ్తూ ముగ్గురు విడివిడిగా నా చెవిలో ఒకే మాట చెప్పారు: "మంచి మనిషి, నాకేం అభ్యంతరం లేదు, జనమే వెయ్యరు." ఫార్వర్డ్ పెట్టినవాడికన్నా వీళ్ల మీదే నాకు ఎక్కువ ఒళ్లు మండింది. ఆ జనం ఎవరో ఒక్కరూ చెప్పరు.

ఘోరంగా ఓడిపోయింది. ఫలితాలొచ్చిన రోజు, మా బూత్‌లో ఆమెకు పడినవి పందొమ్మిది ఓట్లేనని నేను గొణుగుతుంటే, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "నేనూ వెయ్యలేదులే. గెల్చేది లేదు కదా, ఓటెందుకు దండగ అనుకున్న్యా."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. దాంతో ఏం ఒరిగిందో నాకే తెలీదు. అక్క నెలాఖరుకల్లా వేరే కంపెనీలో చేరింది. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా, కుర్చీలు మోసినందుకు ఆయనకు థాంక్స్ చెబుతూనే ఉంటుంది. ఆయన తలూపుతాడు. నేను వంటింట్లోకి లేచి వెళ్లిపోతాను.