సాక్ష్యం నమ్మిన మిరప తోట

కృపగల దేవునికి స్తోత్రం. పడినవాణ్ణి లేపే ఆయనకే మహిమ.

హైదరాబాదులో రెండు సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టి అమ్మాను. మరికొందరి కంపెనీల్లో పెట్టుబడులు పెట్టాను. మూడోది నరసరావుపేటలో మొదలుపెట్టాను. మిరపాకు ఫొటో తీస్తే ఏ తెగులో, ఏ మందు కొట్టాలో చెప్పే యాప్ అది. ఇంకా పరీక్షల్లో ఉండగానే, మందిరంలో లేచి, దేవుడు జయమిచ్చాడని సాక్ష్యం చెప్పాను.

నిన్న బెల్లంకొండ దగ్గర మా సంఘపెద్ద పొలానికి వెళ్లాను. యాప్ చెప్పిన మందు కొట్టాక తోటంతా మాడిపోయింది.

"ఫోను మాట అంతగా నమ్మావేంది బాబాయ్?" అన్నాను.

"ఫోన్ని ఎవుడు నమ్మాడ్రా? దేవుడి ముందర నిలబడి నువ్వు చెప్పావు. అది నమ్మా," అని మాడిన మొక్కొకటి పీకి నా చేతిలో పెట్టాడు.

వెంటనే యాప్ ఆపించాను. కానీ నా సాక్ష్యం విన్నవాళ్లలో ఇంకెందరు ఆ మందు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారో తెలియదు. రేపు ఆదివారం. దేవుడివ్వని జయాన్ని ఇచ్చాడని చెప్పానని అక్కడే నిలబడి ఒప్పుకోవాలి. పొద్దుటినుంచి మోకాళ్ల మీదే ఉన్నాను, నోరు పెగలడం లేదు. ఇది చదివే మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మిగిలిన తోటలైనా దక్కేలా ఈ నోరు తెరువు.