నా పేరు మీద ఉన్న పాత డీజిల్ కారు

మా ఆయన దుబాయిలో పదిహేడేళ్లు ఒకే కుటుంబం దగ్గర డ్రైవరుగా పనిచేశాడు. ఒప్పందం అయిపోయిందని చెప్పి నాలుగేళ్ల కిందట ఇంటికి వచ్చేశాడు. వచ్చిన మూడు నెలలకే, హైదరాబాదులో ఒక డాక్టరు అమ్ముతున్న పన్నెండేళ్ల నాటి విదేశీ డీజిల్ కారు కొన్నాడు. నల్లగా, వెడల్పుగా, నేలకు బాగా దగ్గరగా ఉండే కారు. పెద్దపల్లి దగ్గరి మా ఊళ్లో దాన్ని ఇంటి ఆవరణలోకి తేవడానికి ప్రహరీ గోడ కొంత పడగొట్టాల్సి వచ్చింది. కాగితాలు మాత్రం నా పేరు మీద చేయించాడు.

"నా పేరు మీద ఎందుకు వెట్టినవ్?" అని అడిగాను.

"పదిహేడేండ్లు వేరేటోళ్ల బండే నడిపిన. గిది గూడ నాది గాకపోతే ఏమైతది? నాకు నడుపుడే ఇష్టం," అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి నేనూ నవ్వాను.

మర్నాడే నాకు నేర్పడం మొదలుపెట్టాడు. నేను ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంని. స్కూటీ తప్ప మరేదీ నడిపి ఎరగను. అయినా వదల్లేదు. పాత డీజిల్ బండిని మొదటిసారి ఇంటికి తెచ్చుకున్నవాళ్లు అది ముసలిదని మరిచిపోకూడదు అనేవాడు. తాళం సగం తిప్పగానే మీటర్ల దగ్గర స్ప్రింగులా చుట్టుకున్న పసుపుపచ్చ లైటు వస్తుంది. లోపల హీటర్లు వేడెక్కాక ఆ లైటు పోతుంది. అప్పుడే స్టార్ట్ చేయాలి. దూరం నుంచి వచ్చినప్పుడు వెంటనే బంద్ చేయకూడదు, ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ అట్లాగే తిరగనివ్వాలి. లేకపోతే టర్బో పాడవుతుంది. అమ్మినవాడు అన్నీ మార్పించానని చెప్పినా నమ్మకూడదు. కొన్న వారంలోనే ఇంజన్ ఆయిలు, గేరు ఆయిలు, డీజిల్ ఫిల్టరు, బెల్టులు కొత్తవి వేయించుకోవాలి. డీజిల్ ఎప్పుడూ ఒకే బంకులో పోయించాలి. గిన్నె గుర్తుతో ఎర్ర లైటు వెలిగితే మాత్రం ఇంకొక్క అడుగు కూడా కదలకూడదు. ఇంజన్‌లో ఆయిలు ఆడటం లేదని దాని అర్థం.

రోజూ సాయంత్రం కారు కింద ఒక అట్టముక్క పరిచేవాడు. పొద్దున్నే నన్ను పిలిచి దాని మీద పడిన మరకలు చూడమనేవాడు.

"ఏ రంగున్నది?"

"నల్లగున్నది."

"అయితే ఇంజన్‌ది. ఎర్రగుంటే గేరుది. జెప్పు, ఎన్ని చుక్కలున్నయ్?"

చుక్క మీద వేలు పెట్టి రుద్ది వాసన చూసేవాడు. ఎంత పనితనమో అనుకునేదాన్ని. తాళం తిప్పినప్పుడల్లా "లైటు వోయిందా?" అని నన్నే అడిగేవాడు. బడిలో పంతులు పాఠం అడిగినట్టు నన్ను పరీక్షిస్తున్నాడనే అనుకున్నాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. మా ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద కారు అడుగు గీసుకునేది. ఎడమవైపు అద్దం గోడకు తగిలి రెండుసార్లు విరిగింది. దుబాయిలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ఇక్కడ కుడివైపు కదా, చేతికి ఇంకా అలవాటు కాలేదని నేనే అందరికీ సర్దిచెప్పాను. పొద్దు గూకితే బండి తీసేవాడు కాదు. పాత హెడ్‌లైట్లు మసకబారాయని చెప్పేవాడు. ఫోన్లో అక్షరాలు ఇంతింత పెద్దవి చేసుకున్నాడు. అక్కడ ఉన్నప్పుడే ఆయనకు షుగర్ వచ్చిందని నాకు తెలుసు. ఊళ్లో షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలని నేనే చెప్పేదాన్ని. వాళ్లందరి పేర్లూ నా రిజిస్టరులో ఉన్నాయి. ఆయన పేరు మాత్రం లేదు.

కొన్న రెండో ఏడు, యాసంగి కోతలప్పుడు, మా ఆడబిడ్డ మనవడి పుట్టువెంట్రుకలకు ఇద్దరం వేములవాడ బయలుదేరాం. కరీంనగర్ దాటాక ఒక ఊరి దగ్గర రోడ్డుకు ఎడమవైపు సగం దాకా వడ్లు ఆరబోశారు. బండ్లు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్లు పెట్టారు. ఒక ముసలమ్మ వడ్లలో నడుస్తూ కాళ్లతో తిరగేస్తోంది. మధ్యాహ్నం మూడు గంటలు కావొచ్చు. ఎండ తెల్లగా కాస్తోంది.

కారు పక్కకు తప్పుకోలేదు. ఇప్పుడు తిప్పుతాడు, ఇప్పుడు తిప్పుతాడు అనుకుంటూ కూర్చున్నాను. చివరికి "ముందట ముసలవ్వ ఉన్నది" అంటూ స్టీరింగు పట్టి నా బలమంతా పెట్టి కుడివైపు తిప్పాను. కారు కింద రాయి తగిలి పెద్ద చప్పుడైంది. ముసలమ్మ వెనక్కి జరగబోయి చేతి మీద పడిపోయింది. కారు ఆమెకు తగల్లేదు. కొంచెం ముందుకు పోయి ఆగింది.

మీటర్లలో ఎర్ర లైటు వెలిగింది. ఇంజన్ తిరుగుతూనే ఉంది.

"ఎర్ర లైటు వచ్చింది," అన్నాను.

"ఏ లైటు?" అన్నాడు.

అది ఆయన ముఖానికి ఎదురుగానే ఉంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన లైటున్న చోటు వైపే చూస్తున్నాడు, కానీ దాన్ని వెతుకుతున్నాడు. నేనే చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను. ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. అప్పుడు దాని గురించి ఆలోచించే వీలు లేదు. దిగి పరుగెత్తాను.

ముసలమ్మ మణికట్టు వంకరపోయింది. కారులోని అట్ట చింపి, నా చున్నీతో కట్టు కట్టాను. ఆమె కొడుకు, ఇంకో నలుగురు వచ్చి మా ఆయన చుట్టూ నిలబడ్డారు.

"బ్రేకు వట్టలే, తమ్మీ. పాత బండి," అన్నాడు మా ఆయన.

కొడుకు నా వైపు తిరిగాడు. "మొన్నటి సంది గట్లనే సతాయిస్తుంది," అన్నాను నేను. ఎవరూ అడగకుండానే ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

ఆటోలో ముసలమ్మను వేములవాడ ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎముక విరిగిందన్నారు. కట్టు వేయించి, మందులు ఇప్పించి, ఇంటి దగ్గర దింపే దాకా నేను ఆమెతోనే ఉన్నాను. పుట్టువెంట్రుకల పని మేం లేకుండానే అయిపోయింది.

ఇంటికి వచ్చాక కళ్లు పరీక్షించే అక్షరాల చార్టు ఉపకేంద్రం నుంచి తెచ్చాను. గోడకు మేకు కొడుతుంటే ఆయన మంచం మీద నుంచే అన్నాడు, "కొట్టకు. దానితోని పని లేదు."

కరీంనగర్‌లో కంటి డాక్టరమ్మ కళ్లలో చుక్కలు వేసి చాలాసేపు చూసింది. షుగర్ వల్ల కంటి వెనక పొరలో రక్తం కారుతోందనీ, ఎడమ కన్ను దాదాపు పోయిందనీ, కుడిదాన్ని ఇంజెక్షన్లతో, లేజరుతో కొంత నిలపవచ్చేమోననీ చెప్పింది. ఇంతకుముందు ఎప్పుడు చూపించుకున్నారని అడిగింది.

ఆయన నా వైపు కాకుండా ఆమె వైపు తిరిగి చెప్పాడు. దుబాయిలో లైసెన్సు రెన్యువల్ చేయించుకోవడానికి పోతే కళ్ల పరీక్షలో తప్పాడట. పనిచేసే ఇంటివాళ్లు టికెట్ కొనిచ్చి పంపేశారట. ఒప్పందం అయిపోవడం అంటూ ఏమీ లేదు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "నాకెందుకు జెప్పలే?"

"జెప్తే కారు కొననిస్తుంటివా?"

"కనవడని కండ్లతోని కారెందుకు?"

"ఇంకో రెండు మూడేండ్లన్న కనవడ్తదనుకున్న. అందాక నేను నడిపి, ఎన్క నీకిద్దామనుకున్న," అన్నాడు. కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. రోజూ పక్కనే కూర్చుని లైటు పోయిందని చెప్పింది నేనే. బండి జబ్బును చుక్కల రంగులో వెతికాను గానీ మనిషి ముఖంలోకి చూడలేదు.

కారును మెకానిక్ లాక్కుపోయాడు. కింద ఆయిలు తొట్టి చీలిపోయింది. వెంటనే బంద్ చేశారు కాబట్టి ఇంజన్ బతికింది, ఇంకొంచెం తిరిగి ఉంటే పట్టేసేదన్నాడు. ఆ మాట ఆయనకు చెప్పాను. "మంచిగ బంద్ జేసినవ్," అన్నాడు. తర్వాత చాలా రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. నేను షుగర్ సూది వేసే వేళ మాత్రం చెయ్యి చాపేవాడు.

ముసలమ్మ కొడుకుకు చెప్పిన అబద్ధం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. నేను లైసెన్సు కోసం నేర్చుకుంటున్న రోజుల్లో ఒకనాడు ఆయనే అడిగాడు, "గా అవ్వ దగ్గరికి పోదామా?" అని. బస్సులో వెళ్లాం. ఊరి దగ్గర దిగి, నా భుజం పట్టుకుని నడిచాడు.

కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. ముసలమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. మా ఆయన ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఆనాడు బ్రేకు మంచిగనే ఉండె. నాకే కండ్లు కనవడకుండె. అబద్ధం జెప్పిన."

"నేను గూడ అబద్ధమే జెప్పిన," అన్నాను.

కొడుకు లేచి నిలబడ్డాడు. "కండ్లు కనవడకుంట బండెట్ల తోలినవ్? మా అవ్వ సస్తే ఎట్లుండె?"

ఆయన తల దించుకున్నాడు. ముసలమ్మ కొడుకును కూర్చోమని సైగ చేసింది. కట్టు విప్పేసిన చెయ్యి నా ముందుకు చాపింది.

"గీ ఏళ్లు ముడుచుకుంటలెవ్వు బిడ్డా. చాట వడ్తలేను," అంది. అంతే. తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు.

నేను ఆ చేతిని వేడినీళ్లలో పెట్టించి వేళ్లకు చేయాల్సిన వ్యాయామాలు చూపించాను. చాలా నెలలపాటు సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి చేయించాను. మూడు వేళ్లు వచ్చాయి. చివరి రెండూ సరిగా ముడుచుకోవు. ఆమె ఇప్పుడు చాట పడుతుంది, కానీ మునుపటిలా కాదు. నన్ను చూస్తే చాయ్ పెడుతుంది. కొడుకు మాత్రం నేను వెళితే బయటికి పోతాడు.

మా ఆయన కుడి కన్ను ఇప్పటికి నిలిచింది. మనుషుల ఆకారం తెలుస్తుంది, ముఖాలు తెలియవు. ఇంజెక్షన్ల కోసం ఆయన్ను కరీంనగర్‌కు నేనే అదే కారులో తీసుకుపోతాను. రోడ్డు మీద దూరంగా మనిషి కనిపిస్తే చాలు, కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనీ అనుకుంటాను.

పోయిన నెల పక్క ఊరి బడి సారు ఒకాయన ఇలాంటి పాత డీజిల్ కారే కొని, ఏమేం చూసుకోవాలో అడగడానికి మా ఇంటికి వచ్చాడు. మా ఆయన రెండు గంటలు చెప్పాడు. ఏ ఆయిలు ఎప్పుడు మార్చాలో, పొగ ఏ రంగులో వస్తే ఏమనుకోవాలో, ఏ భాగం సెకండ్‌హ్యాండుది కొనకూడదో అన్నీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు అంత నిండుగా విన్నాను. సారు కాగితం మీద రాసుకున్నాడు. లేవబోతూ, "ఒక్కసారి నడిపి చూపిస్తరా అన్నా, సప్పుడెట్లుండాలెనో తెలుస్తది," అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. కారు ఎందుకు నడపడం లేదని అడిగితే, కాలు బాగాలేదని ఒకరికి, డాక్టరు వద్దన్నాడని మరొకరికి, ఇప్పటిదాకా ఏదో ఒకటి చెబుతూ వచ్చాడు.

"నాకు కండ్లు కనవడవు సారూ," అన్నాడు. "బండి మా ఆమెది. ఆమెనే నడుపుతది."

సారు నా వైపు చూశాడు. చెప్పులు వేసుకుని వస్తానని చెప్పి లోపలికి వెళ్లాను. చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. లోపల ముఖం కడుక్కుని, కారు తాళం తీసుకుని బయటికి వచ్చాను.