నెమ్మది అని రాశాను

నేను చేసిన బేరాలన్నిటిలోకీ లాభసాటిది ఏదంటే తడుముకోకుండా చెబుతాను. మూడు వారాల పనిని ఒక్క మధ్యాహ్నంలో, పైసా ఖర్చు లేకుండా తెమల్చేశాను. మా పరిశోధనలో చేరిన రోగులకు ఇచ్చే వివరాల కాగితాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాలి. నిబంధన ప్రకారం ఒకరు అనువదించాలి, ఇంకొకరు సరిచూడాలి, ఆ తర్వాత కొంతమంది రోగుల చేత చదివించి, వాళ్లకు ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ ముందు కూర్చుని బేరమాడి ఇదంతా ఎత్తేయించాను. "నేను నరసరావుపేటలో పుట్టి పెరిగినదాన్ని. ఈ రోగులంతా మా కొట్టుకొచ్చే జనమే. వాళ్లకు ఏ మాట అర్థమవుతుందో నాకు ఇంకొకరు నేర్పాలా?" అన్నాను. కమిటీలో ఉన్నవాళ్లంతా బయటి ఊళ్లవాళ్లు. తలలూపారు. ఆ రోజు క్యాంటీన్‌లో కాఫీకి నేనే డబ్బులిచ్చాను. నన్ను ఎరిగినవాళ్లకు అదెంత సంబరమో తెలుస్తుంది.

మాది గిన్నెల కొట్టు. బిందె కొన్నవాళ్లు మూత అడుగుతారు, మూత ఇస్తే గరిటె అడుగుతారు, గరిటె ఇస్తే బిందె మీద పేరు ఊరికే కొట్టించమంటారు. ఆ బల్ల వెనకే నేను పెరిగాను. డాక్టరునయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. రక్తపు క్యాన్సర్లలో ఉన్నట్టుండి ముంచుకొచ్చేవి ఉన్నాయి, ఏళ్ల తరబడి మనిషితోపాటు నడిచేవి ఉన్నాయి. నేను రెండో రకాన్ని ఎంచుకున్నాను. మొదటి రకం రోగి ఎంతోకాలం నిలవడు. రెండో రకం రోగి నెలనెలా వస్తాడు, రక్తం ఇస్తాడు, పేపర్లు రాసుకోవడానికి వీలుగా ఏళ్లకేళ్లు ఉంటాడు. కొట్టు నడిచేది వాడుకగా వచ్చేవాళ్ల మీదే కదా. ఈ మాట ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు. అక్కడ సేవ అని చెప్పాను.

నెలకో శనివారం నగరం నుంచి మా బృందం నరసరావుపేట వచ్చి ఒక అద్దె భవనంలో రోగులను చూసేది. క్రోసూరు నుంచి, బొల్లాపల్లి నుంచి వచ్చేవాళ్లు. అలా వచ్చేవాళ్లలో బొల్లాపల్లి వైపు పల్లె నుంచి ఒకావిడ ఉండేది. నలభై ఆరేళ్లు. కందీ మిరపా వేసే రైతు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు ఆవిడది. రోజూ ఒక బిళ్ల వేసుకున్నంత కాలం అణిగి ఉంటుంది. మానేస్తే లేస్తుంది. ఆ బిళ్లలు మేం ఊరికే ఇచ్చేవాళ్లం. బదులుగా మామూలు పరీక్షకు తీసే గొట్టం కాక, ఇంకో గొట్టం రక్తం అడిగేవాళ్లం.

"రెండోది ఎందుకు?" అంది మొదటిసారి, చెయ్యి వెనక్కి లాక్కుని.

"మొదటిది నీ పరీక్షకి. రెండోది చదువుకి."

"ఎవరి చదువుకి?"

"నా చదువుకే."

"ఇంత వయసొచ్చింది, ఇంకా పాసవలా?"

గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "సరే, రెండో గొట్టం ఇస్తే నాకేంది?" అంది.

"టీ, బిస్కెట్లు."

"బిస్కెట్లు నువ్వే తిను. మా ఆయనకి బీపీ చూడు. ప్రతిసారీ చూడాలి, ఈ ఒక్కసారికే గాదు."

అక్కడ బేరం తెగింది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ఇష్టం. బేరంలో నాకు సరిజోడు దొరకడం అరుదు.

ఇక ఆ కాగితం సంగతి. ఏళ్ల తరబడి ఉండే జబ్బును పుస్తకాల్లో దీర్ఘకాలిక వ్యాధి అంటారు. మా కొట్టుకొచ్చే ఏ మనిషి నోటా నేను ఆ మాట వినలేదు. కొట్టేశాను. దాని బదులు, "మీకున్నది నెమ్మదిగా ఉండే రక్త క్యాన్సర్. ఈ జబ్బుతో చాలా ఏళ్లు మామూలుగా బతకవచ్చు" అని రాశాను. గబగబా పెరగదు, మెల్లగా పెరుగుతుంది అని నా ఉద్దేశం. బిళ్లలు రోజూ వేసుకోవాలన్న సంగతి రెండో పేజీలో ఉంది.

అచ్చుకు ఇచ్చే ముందు మా నాన్నకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, కొట్లో బల్ల మీద పరుచుకుని చదివాడు.

"బాగుందమ్మాయ్. అయితే తగ్గిపోయినోళ్లకి గూడా మందులిస్తన్నారా మీరు?"

"తగ్గిపోవడమేంటి నాన్నా? నెమ్మదిగా పెరిగేదని."

"పెరిగేదని యాడుంది ఇందులో? నెమ్మదిగా ఉండేదని ఉంది."

ఈలోగా ఎవరో కుక్కర్ ధర అడిగారు, ఆయన అటు తిరిగాడు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. సరుకు ఎంత బాగున్నా ముందు ఒక వంక పెట్టడం ఆయన అలవాటు, హోల్‌సేల్ వాళ్ల దగ్గర అలాగే ధర తగ్గిస్తాడు. ఇదీ అలాంటి వంకే అనుకున్నాను.

ఆవిడకు అప్పటికి జబ్బు బాగా అణిగింది. అలాంటివాళ్లు నెలనెలా రానక్కర్లేదని, ఆరు నెలల బిళ్లలు ఒకేసారి ఇచ్చి పంపేవాళ్లం. ఆ బిళ్లలతోపాటే కొత్త కాగితమూ ఇచ్చాం. నెలకోసారి మా సహాయకురాలు ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగేది. "నెమ్మదిగానే ఉందమ్మా" అనేది ఆవిడ. సహాయకురాలు 'మార్పు లేదు' అన్న గడిలో టిక్కు పెట్టేది. వరసగా ఆ టిక్కులు చూసి నేను మురిసిపోయాను.

ఆరు నెలల తర్వాత ఆవిడ భర్త భుజం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మొహం పాలిపోయింది. చిగుళ్ల నుంచి రక్తం. పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేస్తే, ఎడమ పక్కటెముకల కింద ఉండాల్సిన ప్లీహం బొడ్డు దాకా తగిలింది. పరీక్ష ఫలితం రాకముందే, జబ్బు లేచిందని నా చేతికి తెలిసిపోయింది. ఆవిడ మాత్రం తెచ్చిన స్టీలు డబ్బా తెరిచి చూపించే తొందరలో ఉంది. నిండా బిళ్లల అట్టలు. ఒక్కటీ చించలేదు.

"ఇన్ని ఎట్లా మిగిలాయి?"

"ఏసుకోలా. నెమ్మదించిందిగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరేంది, నువ్వే. కాయితం మీద రాసిచ్చావుగా! మా అమ్మాయి రెండుసార్లు చదివి చెప్పింది. రోజూ ఏసుకోమంది జబ్బున్నోళ్లని గదా. నెమ్మదించిన మనిషి ఇంత ఖరీదు మందు మింగి ఏం చేసుకుంటది? లేనోళ్లెవరికన్నా ఇస్తావని తడి తగలకుండా దాచి తెచ్చా."

"ఏమే, ఒకసారి అడిగిరమ్మని నే చెప్పలా?" అన్నాడు భర్త.

"నువ్వూరుకో. రాసిచ్చిన డాక్టరమ్మని మళ్లా అడిగితే నమ్మనట్టు ఉండదూ?"

మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా పక్కింటి పిన్ని గోడ మీంచి అడిగే మాట, నెమ్మదించిందా అని. అంటే తగ్గిందా అని. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట విన్నాను, అన్నాను. ఒక్కసారి పెన్ను పట్టుకోగానే మర్చిపోయాను.

ఆ వారమే జాబితాలో ఉన్న అందరికీ నేనే ఫోన్లు చేశాను. 'ఎలా ఉంది' అని కాదు, 'నిన్న బిళ్ల వేసుకున్నావా' అని అడిగాను. ఇంకో ఇద్దరు మానేశారు. వాళ్లది ఇంకా ముదరలేదు, మళ్లీ మొదలుపెడితే అణిగింది. ఆవిడది ముదిరింది. ఏళ్ల తరబడి నడిచే రకం కాస్తా ముంచుకొచ్చే రకంగా మారిపోయింది. అలాంటి రోగి నిలవడని, ఆ రకాన్ని వదిలేసి ఈ రకానికి వచ్చినదాన్ని నేను.

నగరంలో మా ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఇంకా గట్టి మందు కోసం మా పెద్ద డాక్టరు దగ్గర, కంపెనీ వాళ్ల దగ్గర, ఫైళ్లు కదిపే గుమాస్తా దగ్గర కూడా బేరమాడాను. జీవితంలో అంత బాగా ఎన్నడూ ఆడలేదు. మందు వచ్చింది. పని చెయ్యలేదు.

చివరి వారంలో ఒక పొద్దున రక్తం తీయడానికి వెళితే, తనే చెయ్యి చాపింది. "రెండో గొట్టం గూడా తీసుకో. పాసవ్వాలిగా." తీశాను. అవసరం లేకపోయినా తీశాను, వద్దంటే ఆవిడకు సంగతి తెలిసిపోతుందని.

"ఇప్పుడు నెమ్మదిస్తదా?" అని అడిగింది.

"చూద్దాం" అన్నాను. బేరం తెగనప్పుడు గిన్నె కింద పెట్టి, కొట్టు మెట్లు దిగుతూ కొనేవాళ్లు అనే మాట అది. మళ్లీ రారు. కందులమ్మిన మనిషి, ఆవిడకూ తెలుసు. నా మొహం చూసి, "మా ఆయనకి బీపీ చూశావా?" అంది.

ఆవిడ పోయాక పేపరు రాశాం. అందులో ఒక పట్టిక ఉంది. ఎవరెవరు ఎందుకు పోయారన్న చోట, 'చెప్పినట్టు మందు వాడనివారు' అన్న వరసలో ఆవిడను కలిపారు. ఆవిడ చేసింది సరిగ్గా మా కాగితం చెప్పినట్టేనని మా పెద్ద డాక్టరుతో అన్నాను. "నిజమే, కానీ దానికి వేరే గడి లేదు కదమ్మా" అన్నాడు. పట్టిక కింద ఒక వాక్యం రాస్తానన్నాను. చోటు లేదన్నారు. అక్కడ మాత్రం నేను బేరమాడలేదు. పేపరు అచ్చయింది, నా పేరు ముందు వరసలోనే ఉంది. కాగితంలో మాట మార్చాం. ఇప్పుడు మొదటి లైనులోనే 'ఈ జబ్బు తగ్గిపోలేదు' అని ఉంటుంది. మా నాన్నకు ఆవిడ సంగతి చెప్పలేదు.

కొన్నాళ్లు చెల్లుకు చెల్లు వేసి చూశాను. ఇన్నేళ్లలో ఇంతమంది బతికారు కదా, అటు అంత ఉంటే ఇటు ఒకటి అని. లెక్క కుదరలేదు. వాళ్లను బతికించిన బిళ్ల ఎక్కడో ఎవరో కనిపెట్టింది. దాన్ని రోజూ వాంతులు అణుచుకుని మింగినవాళ్లు వాళ్లు. రక్తం వాళ్లది, ఓపిక వాళ్లది, బస్సెక్కి వచ్చిన పొద్దులు వాళ్లవి. అటు వేసుకోవడానికి నాదంటూ ఏమీ మిగల్లేదు. మొత్తం మీద నేను సొంతంగా చేసింది ఒక్క మాట రాయడం. దానికైన ఖర్చు ఒక మనిషి. ఇందులో తగ్గింపు లేదు, నేను అడగనూ లేదు.