గోధుమ చేలో ఒంటికాలి అడుగులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఉన్నంత జ్ఞానం మనిషికి మళ్లీ ఎప్పుడూ ఉండదేమో అని ఇప్పుడనిపిస్తుంది. వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చిన నెల తిరక్కుండానే, పంటల ప్రయోగాలు చేసే ఓ సంస్థలో ఫీల్డ్ అసిస్టెంట్ ఉద్యోగం దొరికింది. ఖానాపురం హవేలిలో షేర్ ఆటోల హారన్ల మధ్య పెరిగినదాన్ని, స్కూటీ వేసుకుని వెళ్లి ములకలపల్లి అవతల అడవి అంచు పల్లెలో కిరాయి గదిలో దిగాను. నా పనల్లా నీటి వసతి లేని నేలలో గోధుమ పండించి చూపించడం. (మా వైపు గోధుమ అంటే కిరాణా కొట్లో పిండిగానే పుట్టే వస్తువు. అది చేలో కూడా పండుతుందంటే ఊళ్లో సగం మంది నవ్వారు, మిగతా సగం నన్ను చూసి జాలిపడ్డారు.)

ప్రయోగానికి ఎకరం నేల ఇచ్చినావిడను ఊరంతా గొర్రు పెద్దమ్మ అనేవారు. విత్తనాన్నీ ఎరువునూ కలిపి సాలు అడుగుకు దించే పాతకాలపు కర్ర గొర్రు ఆ ఊళ్లో ఆవిడ ఇంట్లోనే మిగిలింది. విత్తనం పోసే చెయ్యి కూడా ఆవిడదే కావాలనేవారు. భర్త చనిపోయి ఆరేళ్లయింది. ఎప్పుడో దుంగ మీదపడి ఆయనకు ఒక కాలు పనికిరాకుండా పోయిందట, అయినా చివరిదాకా ఆ చేను ఆయనే చూసుకున్నాడట. చేనుకు మూడు వైపులా పల్లె పొలాలు, నాలుగో వైపు గట్టు దాటితే అడవి. మా సారు ఎకరాన్ని రెండు మడులుగా చేయమన్నారు. ఒకటి ట్రాక్టరుతో లోతుగా దున్నాలి, రెండోది పైపైన గుంటకతో గీరి వదిలేయాలి. రెండింట్లోనూ ఎరువంతా విత్తేటప్పుడే గొర్రుతో కిందికి వెళ్లాలి, ఆ తర్వాత చిటికెడు యూరియా కూడా పైన పడకూడదు. అసలు ప్రయోగం దాని మీదే ఆధారపడి ఉంది.

ట్రాక్టరు వచ్చిన రోజున పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. “వానలు ఎల్లినంక నేలను తిరగెయ్యొద్దు బిడ్డా, లోపలున్న తడి పదును అంత ఎగిరిపోతది. గుంటక తోలితే చాలు. ఎరువు సుత ఎండిన నేల మీద సల్లితే ఎండ తింటది” అంది. నేను ఊరుకుంటానా? లోతు దుక్కి గురించీ, వేళ్లు ఎంత దూరం దిగుతాయన్నదాని గురించీ అరగంటసేపు ఆవిడకు పాఠం చెప్పాను. ఆవిడ మొత్తం ఓపికగా విని, అన్నం తిన్నావా అని అడిగింది.

ఆ తర్వాత జరగాల్సిందే జరిగింది. గుంటక మడి ఒత్తుగా లేచి కళకళలాడింది. నేను వెనకేసుకొచ్చిన ట్రాక్టరు మడిలో పిడికెడు పిడికెడు పెళ్లలు, వాటి మధ్య పలచగా, పచ్చకామెర్లు వచ్చినట్టు నాలుగు మొక్కలు. అంతలో సారు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. డిసెంబరులో ఊరంతా సంతకు వెళ్లిన ఓ మధ్యాహ్నం, ఎవరి కంటా పడకుండా అడవి వైపు నుంచి సగం బస్తా యూరియా మోసుకొచ్చి ట్రాక్టరు మడిలో చల్లేశాను. నేల బొగ్గులా ఎండి ఉంది, ఏమీ కాలేదు. సారు వచ్చారు, పసుపు మొక్కల్ని చూశారు, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. చేసిన తప్పుకు ఫలితం లేకపోయేసరికి అది తప్పే కాదన్నట్టు దాన్ని శుభ్రంగా మర్చిపోయాను.

జనవరిలో రెండు రోజులు ముసురు పట్టింది. అది తెరిపిచ్చిన వారానికి, ఓ పొద్దున పొగమంచులో గట్టు మీద నిలబడి గుంటక మడిని చూస్తున్నాను. మంచు మెల్లగా పలచబడుతోంది. లేత ఆకుపచ్చ చేలో, అడవి గట్టు దగ్గర మొదలై, అరికాలంత మేర నల్లగా అనిపించేటంత ముదురు పచ్చని మచ్చలు కనిపించాయి. ఒకటి తర్వాత ఒకటి, సరిగ్గా మనిషి అడుగు వేసేంత దూరంలో. ఎడమ కుడి తేడా లేదు, అన్నీ ఒకే వరసలో, ఎవరో ఒంటికాలి మీద నడిచొచ్చినట్టు. మడి నడిమధ్యకు వచ్చి ఆగిపోయాయి. వెనక్కి వెళ్లిన జాడ ఎక్కడా లేదు. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు కానీ, గదికి వచ్చాక చూసుకుంటే చెప్పులు గట్టు మీదే వదిలేసి వచ్చాను.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. ఒంటికాలి మీద బరువు వేసి నడిచిన మనిషి ఆ ఊళ్లో ఒక్కడే, ఆయన ఎవరో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి చివరి మచ్చ దగ్గర విస్తరాకులో అన్నం, పప్పు కనిపించేవి. పెద్దమ్మ తెల్లవారకముందే వెళ్లి పెట్టి వచ్చేది. పొద్దెక్కేసరికి ఆకు ఖాళీగా ఉండేది. (కాకులు తిన్నాయని నా చదువు చెప్పింది. మరి ఒక్క కాకీ ఎందుకు కనబడలేదని నా గుండె అడిగింది.) నేలశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న నేను స్కూటీకి నిమ్మకాయ కట్టాను. గాలి లేనప్పుడు కూడా ఆ వరస పొడవునా మొక్కలు కదిలినట్టుండేవి. నా వెంట తిరిగే వీధికుక్క గట్టు దాకా వచ్చి, ముందుకు పోకుండా కూర్చుని, ఆ మధ్య చోటు వైపే చూస్తుండేది. రోజువారీ ఎత్తు కొలతల్ని గట్టు మీద నుంచే కళ్లతో అంచనా వేసి రాసేశాను, ఆ పాపం కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

మార్చి వచ్చింది. చేను పండి బంగారు రంగు తిరిగింది, అడుగులు మాత్రం పండలేదు. అంత పసుపులో అవొక్కటే పచ్చగా, ఇప్పుడే ఎవరో కాలు పెట్టి తీసినట్టు నిలబడి ఉన్నాయి. కోతకు పిలిస్తే ఒక్క మనిషి రాలేదు. పక్క చేను తాత నాతో మెల్లగా అన్నాడు: “పోయినోడు ఇంకా నిలబడే ఉన్నడు. ఆని కాళ్ల మీద కొడవలి ఎట్ల పెడతం?” ఎండలు ముదిరాయి. చేలోకి చెవి వంచితే గింజ రాలే సన్నని చప్పుడు వినిపించేది. ఆ యాసంగిలో పెద్దమ్మకు ఉన్నది ఆ పంట ఒక్కటే, వారం ఆగితే చేతికొచ్చేది గడ్డి మాత్రమే.

గింజ రాలక ముందే దిగుబడి లెక్క కావాలని సారు ఫోను మీద ఫోను. గత్యంతరం లేక ఓ సాయంత్రం టేపు పట్టుకుని చేలో దిగాను. టేపు పరచడానికి అక్కడ వంగే ధైర్యం లేక, మడిని అడుగులతోనే కొలుద్దామని మచ్చల పక్కనే నడిచాను. మొదటి అడుగు మచ్చ పక్కన పడింది. రెండోది కూడా అంతే. మూడు, నాలుగు, పది. నేను ఎక్కడ కాలు వేస్తే అక్కడ నా పక్కన ఒక పచ్చని పాదం నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. ఆగితే ఏమవుతుందోనన్న భయంతోనే చివరిదాకా వెళ్లాను. విస్తరాకు దగ్గరికి వచ్చి నిలబడగానే, చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. అప్పుడు గుర్తొచ్చింది. సంత రోజున బస్తా మోసుకొస్తుంటే వీపు మీద ఏదో జారుతున్నట్టనిపించి, సరిగ్గా ఇక్కడే దించి చూశాను. మూల చిరిగి ఉంటే చున్నీతో బిగించి కట్టి, ఈ మడి దాటి ట్రాక్టరు మడిలోకి వెళ్లాను. అప్పటిదాకా వేసిన ప్రతి అడుగు కుదుపుకూ పిడికెడు యూరియా సాలులో పడిందన్నమాట. ట్రాక్టరు మడిలో పలచగా చల్లినదాన్ని పెద్దమ్మ చెప్పినట్టే ఎండ తినేసింది గానీ, కుప్పగా పడిన ఇది వాన పడేదాకా అక్కడే కాచుకుని కూర్చుంది.

దెయ్యాన్ని నేనేనని తెలిశాక ధైర్యం రావాలి కదా, అంతకు రెండింతలు భయం వేసింది. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పెద్దమ్మ పంట పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంత తేలికైన లెక్క తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ గింజ రాలుతూనే ఉంది. మూడో రోజు పొద్దున్నే వెళ్లి పెద్దమ్మ ముందు నిలబడ్డాను.

“పెద్దమ్మా, ఆ అడుగులు పెదనాయినవి కావు. నావి.”

ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. “నీవని తెల్వదు గానీ, ఆయనవి కావని మొదటి దినమే ఎరుక. కాలు కుంటిదే గానీ, నా మనిషి సాలుకు అడ్డం ఎన్నడు నడవలే. ఎంత చుట్టైనా గట్టెంబడే వచ్చెటోడు.”

ఊళ్లోవాళ్లకు చెప్పలేదా అంటే, చెప్పిందట, ముసల్దానికి మతి పోయిందన్నారట. ఇక తొక్కినదాన్ని కాబట్టి నేనే తేల్చాలి. ఆ పూటే ఊరిని పిలిచి, అదే భుజం మీద మూల చిరిగిన బస్తాలో పొయ్యి బూడిద పోసుకుని, అడవి గట్టు నుంచి మచ్చల పక్కనే నడిచాను. అడుగు అడుగుకూ బూడిద కుప్ప ఆకుపచ్చ మచ్చ పక్కన పడుతూ వచ్చింది. సగం దూరం దాకా గట్టు మీదివాళ్లు బూడిదనూ మచ్చలనూ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి నవ్వింది, ఆ వెంటనే గట్టు మొత్తం నవ్వింది, నన్ను చూసి అంతమంది ఒకేసారి నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. (మెడ మీద నుంచి నడుము దాకా బూడిదే, తుమ్ములు సరేసరి.) పక్క చేను తాత అందరికంటే ముందు కొడవలి పట్టుకుని దిగాడు. జరిగిందంతా సారుకు నా చేత్తోనే రాసి పంపాను. వచ్చే నెల నుంచి రానక్కర్లేదని ఒక్క ముక్కలో జవాబొచ్చింది.

కోత చివరి మచ్చ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. అక్కడ ఆ పొద్దుటి విస్తరాకు ఇంకా ఉంది. పెద్దమ్మ వంగి దాన్ని మడిచి కొంగులో పెట్టుకుంది. ఆయన కాదని తెలిసి కూడా రోజూ అన్నం ఎందుకు పెట్టినవని అడిగాను.

“పోయి ఆరేండ్లాయె గద బిడ్డా. నడక మరిచిపోయిండేమో అనుకున్న” అంది.

ఊరిని పట్టిన దెయ్యాన్ని వదిలించానని బూడిద కొట్టుకుపోయేలా తలస్నానం చేసి, స్కూటీకి సామాను కట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాళ్ల దగ్గర పెద్దమ్మ ఇచ్చిన గోధుమల మూట పెట్టుకుని బయల్దేరింది. నిజం చెప్పి ఒకరి పంట కాపాడాను కదా, మరి ఈ ఏడుపెందుకో అనుకుంటూ కొత్తగూడెం దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే బండి నడిపింది, వెర్రిది.