డబల్ సవారీ

నర్సింలుకు చదువు లేదు, చెలకా పొలమూ లేవు, పట్నంలో పలుకుబడి ఉన్న మేనమామ లేడు. ఉన్నదల్లా ఒళ్ళే. జోగిపేట దగ్గరి పల్లెలో ఉన్నప్పుడు వడ్ల బస్తాను ఇంకొకరి చెయ్యి పడకుండా వీపుకెత్తుకుని లారీలో వేసేవాడు. సంబంధం మాట్లాడేటప్పుడు లచ్చమ్మ తండ్రి అడిగింది కూడా ఒకటే, "పోరడు గట్టిగున్నడా" అని. గట్టిగానే ఉన్నాడు. కరువు తరిమితే ఆ ఒంటిని నమ్ముకునే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని బోరబండ వచ్చి, రైలు స్టేషన్ వెనక రేకుల గది కిరాయికి తీసుకున్నాడు.

అది తొంభై ఎనిమిది. మాదాపూర్ గుట్టల్లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. అట్లా లేస్తున్న ఒక మేడ దగ్గర నర్సింలుకు కాపలా పని దొరికింది. ఇనుప చువ్వలూ సిమెంటు బస్తాలూ ఎవరూ ఎత్తుకుపోకుండా చూడాలి. బస్సును నమ్ముకుంటే మధ్యాహ్నానికి చేరతాడు కాబట్టి సైకిలే గతి. అల్లాపూర్ దాటాక బాట పైకి లేస్తుంది. ఆ చడావు ఎక్కేసరికి ఎంతటి మొనగాడికైనా నాలుక బయటికొస్తుంది.

ఒక్కడే తొక్కుకుంటూ పోతే అదో పనా? నర్సింలు వెనక క్యారియర్ మీద ఎల్లేశం ఉండేవాడు. పక్క ఊరివాడు, ఇంకా పెళ్ళి కాలేదు. పట్నం కొత్తగా వచ్చి ఏం చెయ్యాలో తోచక తిరుగుతుంటే నర్సింలే సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి పనిలో పెట్టించాడు. పక్క గదిలో దించాడు. పోయేటప్పుడు నర్సింలు తొక్కాలి, వచ్చేటప్పుడు ఎల్లేశం తొక్కాలి అని ఒప్పందం. ఒప్పందం వారం నిలిచింది. ఎనిమిదో నాడు ఎల్లేశం మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"నరం పట్టిందన్నా. తొక్కితె జివ్వుమంటుంది."

"అయ్యో, నొయ్యంగ తొక్కుడెందుకు? కూసో, నేను తొక్కుత."

ఆ నరం మళ్ళీ వదల్లేదు. ఆదివారం నాడు సినిమాకు పరుగెత్తి బస్సెక్కేటప్పుడు మాత్రం మోకాలు బాగానే ఉండేది. నాకైతే అక్కడే అనుమానం వచ్చేది. నర్సింలుకు రాలేదు. కొందరికి దేవుడు ఒళ్ళు ఎంత గట్టిగా ఇస్తాడో మనసు అంత మెత్తగా ఇస్తాడు, ఏం చేస్తాం?

ఏడాది తిరిగేసరికి నర్సింలు మెడ సన్నబడింది. చొక్కా భుజాల మీద నిలవక జారేది. తొడలూ పిక్కలూ మాత్రం రాయిలా ఉండేవి. పైన చూస్తే ఎండిన మోడు, కింద చూస్తే పహిల్వాన్. ఎల్లేశం చెంపలు నిండాయి, ఒంటికి నునుపు వచ్చింది.

అప్పుడే సూపర్‌వైజర్ భీమేశ్వరరావు అందరినీ స్టోరు ముందు నిలబెట్టాడు. కాకినాడ వైపు మనిషి, మిలిటరీలో చేసి వచ్చినవాడు. మేడ తయారైపోతోందనీ, పెద్ద పెద్దవాళ్ళు కార్లలో వస్తారనీ, మెయిన్ గేటు దగ్గర ఎనిమిది మంది కావాలనీ చెప్పాడు. యూనిఫారం, టోపీ, బూట్లు, పగటి డ్యూటీ, పర్మనెంటు. అయితే మనిషి అరవై కిలోలకు తగ్గకూడదు.

"గేటు దగ్గర నిలబడితే పర్సనాలిటీ కనపడాలయ్యా. ఎముకల గూళ్ళని నిలబెడితే కంపెనీ పరువేం కావాలి? రెండు నెలలుంది. ఒళ్ళు చేసుకోండి."

ఇనుము తూచే కాంటా మీద ఆ రోజే సరదాగా అందరూ ఎక్కి చూసుకున్నారు. నర్సింలు యాభై ఆరు. ఊళ్ళో వడ్లు తూచే కాంటా మీద అరవై ఎనిమిది తూగిన మనిషి. ఆ ముల్లు చూసి అతనికి సిగ్గేసింది. పొలం అమ్ముకున్నవాడికి కూడా అంత సిగ్గు ఉండదేమో. ఉన్న ఒక్క ఆస్తీ తనకు తెలియకుండానే కరిగిపోయింది మరి.

ఆ సాయంత్రమే కుస్తీలు నేర్పే బోరబండ తాలీం దగ్గరికి పోయి ఉస్తాద్ ముందు చొక్కా విప్పి నిలబడ్డాడు. ఉస్తాద్ ముసలివాడు. చుట్టూ తిరిగి చూసి, పిక్క మీద చేత్తో కొట్టి నవ్వాడు.

"సైకిల్ మంచిదే బేటా, మానకు. కానీ సైకిల్‌కు ఆకలెక్కువ. నువ్వు దానికి పెట్టకపోతే అది నీ ఒళ్ళు తింటది. మొదలు కొవ్వు తింటది, అది అయిపోయినంక కండ తింటది. తొక్కే ముందు జర ఏమన్న పడాలె కడుపుల. దిగంగనే మంచిగ తినాలె, గంటసేపు ఆగినవంటే తిన్నది దండగ. గంజి తాగి తొక్కుతే గిట్లనే అయితది."

"ఏం తినాలె ఉస్తాద్?"

"నానేసిన శనగలు, పల్లీలు, బెల్లం. గుడ్లు. పప్పు గట్టిగ తిను, నీళ్ళు చేసి కాదు. బస్కీలు నీకొద్దు, కాళ్ళకు సైకిల్ చాలు. దండీలు తియ్యి, భుజాలు, ఛాతీ వాటంతటవే వస్తయి. నిండ నిద్రపో. రోజు తూకం చూసుకోని పరేషాన్ కాకు."

ఇంటికొచ్చి చెప్తే లచ్చమ్మ వెంటనే రంగంలోకి దిగింది. ఆమె రెండు పెట్టల్ని పెంచేది. మరో రెండు తెచ్చింది. తెల్లారి నర్సింలు దండీలు తీసి లేచేసరికి శనగలూ బెల్లమూ గిన్నెలో ఉండేవి. డబ్బాలో జొన్నరొట్టె, గట్టి పప్పు, రెండు ఉడికిన గుడ్లు. "గుడ్లు దిగంగనే తిను, ఉస్తాద్ చెప్పిండు గద" అని రోజూ చెప్పి పంపేది. తాను మాత్రం ఒక్క గుడ్డు ముట్టలేదు.

సైకిల్ స్టాండు వెయ్యగానే నర్సింలు డబ్బా తెరిచేవాడు. ఎదురుగా ఎల్లేశం నిలబడి చూస్తుండేవాడు. ఎదుటివాడు చూస్తుండగా ఒక్కడే నమలడం నర్సింలు ఇంటా వంటా లేదు. ఒక గుడ్డు తీసి ఎల్లేశం చేతిలో పెట్టేవాడు. "మరి నీకో అన్నా?" అని ఎల్లేశం మొహమాటపడ్డట్టు చేసి, నర్సింలు తన గుడ్డు పెంకు ఒలిచేలోపే అది మింగేసి నీళ్ళు తాగేవాడు.

అయినా ఒళ్ళు వచ్చింది. నమ్మండి, నమ్మకపోండి, మనిషిని వెనక కూర్చోబెట్టుకుని ఆ చడావు ఎక్కుతూనే, ఒంటి గుడ్డుతోనే వచ్చింది. మొదట మెడ నిండింది. తర్వాత చొక్కా గుండీలు బిగిశాయి. పండక్కి కొన్న బనీను చంకల దగ్గర పిగిలితే లచ్చమ్మ మురిసిపోయి ఇరుగుపొరుగుకు చూపించింది. తూకం నాడు నర్సింలు కాంటా ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగింది. ఎల్లేశం అరవై ఏడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు.

అక్కడే చిక్కు వచ్చిపడింది. కావలసింది ఎనిమిది మంది, తూగింది తొమ్మిది మంది. ఒకడు ఆగాలి. అందరికన్నా కొత్తగా చేరినవాణ్ణి ఆపుదామని భీమేశ్వరరావు అనుకుంటున్నట్టు స్టోరు దగ్గర మాట పొక్కింది. కొత్తవాడంటే ఎల్లేశమే. "ఫికర్ చెయ్యకు, నేను సార్‌ను అడుగుత" అని నర్సింలే ధైర్యం చెప్పాడు. అడిగాడు కూడా. సార్ నర్సింలు మొహంలోకి అదోలా చూశాడంతే.

మూడో నాడు పేర్లు చదివారు. ఎల్లేశం పేరు ఉంది. నర్సింలు పేరు లేదు.

"నువ్వు ముందు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్ళి ఫొటో తీయించుకురా" అన్నాడు భీమేశ్వరరావు, రెండడుగులు ఎడంగా నిలబడి. "ఏమీ లేదని తేలితే అప్పుడు చూద్దాం."

నర్సింలుకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఆ సాయంత్రం ఎల్లేశాన్ని ఎక్కించుకునే ఇంటికి తొక్కాడు. వెనక నుంచి ఎల్లేశం ఓదార్చాడు, "ఏం కాదన్నా, పెద్ద దవాఖాన, మంచిగ చూస్తరు" అని. ఆ మాట అనడానికి వాడికి నోరెట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ ఫొటోను వెలుతురుకు పెట్టి చూసి, నర్సింలును చూసి, "నీకేం రోగమయ్యా, బండలా ఉన్నావు, ఎవరు పంపారు నిన్ను" అంది. నర్సింలు ఆ ఫొటో, డాక్టరమ్మ చీటీ ఉన్న కవరు చంకలో పెట్టుకుని సంతోషంగా సైట్‌కు తొక్కుకొచ్చాడు. అప్పటికే ఎనిమిది మందీ యూనిఫారాలు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

భీమేశ్వరరావు కవరు తెరిచి చీటీ చదివి రెండడుగులు దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

"నా మీద కోప్పడకు నర్సింలూ. నీకు క్షయ ఉందని చెప్పారు. చడావు దగ్గర ఆయాసపడి దగ్గుతావని, ఆగి ఉమ్ముతావని చెప్పారు. గుడ్లూ శనగలూ ఊరికే తింటున్నాడా సార్, డాక్టరు తినమంటేనే తింటున్నాడు అన్నారు. క్షయ ఉన్నవాళ్ళని అలాగే తినమంటారు కదా. నేను నమ్మాను."

"ఎవరు చెప్పిండ్రు సార్?"

"ఎవరో చెబితే నమ్ముతానా? రోజూ నీ వెనక కూర్చుని వచ్చేవాడే చెప్పాడు."

నర్సింలు అక్కడే సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాడు గానీ, తిన్న గుడ్డునే సాక్ష్యం పెట్టేవాడు ఉంటాడని ఎవరూ చెప్పలేదు. వీణ్ణి మోసి ఆయాసపడితే అది రోగమైంది. వీడితో పంచుకుని తింటే అది మందైంది. "ఖాళీ వస్తే నిన్నే పెడతాను, అందాకా వెనక ఇసుక కుప్ప దగ్గర చూడు" అని భీమేశ్వరరావు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రం సైకిల్ దగ్గర ఎల్లేశం సిద్ధంగా నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోదామా అన్నా?"

"పోదాం. ఇయ్యాల నువ్వు తొక్కు."

"మోకాలన్నా..."

"పొద్దటి సంది గేటుకాడ నిలవడ్డ మోకాలే గద. తొక్కు."

ఎల్లేశం టోపీ పెట్టుకుని హ్యాండిలు పట్టుకున్నాడు. ఆ మొదటి వారం తర్వాత నర్సింలు తన సైకిల్ వెనక కూర్చోవడం అదే. పోయేటప్పుడు చడావైన బాటే, మాదాపూర్ నుంచి వచ్చేటప్పుడూ మొదట ఒక గడ్డ ఎక్కిస్తుంది. సగానికి రాకముందే ఎల్లేశం వీపు ఎగిరెగిరి పడసాగింది. కొత్త చొక్కా చెమటకు అంటుకుపోయింది. దగ్గు వచ్చింది. సైకిల్ అటూ ఇటూ ఊగి ఆగిపోయింది.

"ఏందిర, దగ్గుతున్నవ్?" అన్నాడు నర్సింలు దిగకుండానే.

"ఇద్దరం గదన్నా. దమ్మొస్తుంది."

"దమ్మొస్తది. ఇద్దర్ని గుంజితె ఎవనికైన దమ్మొస్తది. దాన్ని ఏం రోగమంటరు?"

ఎల్లేశం హ్యాండిలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"నన్ను తీసేస్తుండెనన్నా. నేను కొత్తోన్ని. నీకైతే మళ్ళొక్కసారి వస్తదనుకున్న."

"నన్ను అడగకపోతివిర. నాతోని ఒక్క మాట అంటే నేనే తప్పుకుంటుంటి."

ఆ మాట కోపంతో అన్నది కాదు. నిజంగానే తప్పుకునేవాడు, అదే అతని ఖర్మ. నర్సింలు దిగి, ఎల్లేశం చేతుల్లోంచి సైకిల్ తీసుకుని, ఎక్కి తొక్కాడు. వెనక బరువు లేకపోయేసరికి సైకిల్ గడ్డను ఇట్టే ఎక్కేసింది. ఇంత తేలికైన పనినా తాను ఏడాది పొడుగునా ఒళ్ళు కరిగేలా చేసింది అనుకుంటే ఏడుపొచ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే తొక్కాడు.

ఇంటికొచ్చేసరికి లచ్చమ్మ గుమ్మంలో ఉంది. పొయ్యి మీద గిన్నె పొగలు కక్కుతోంది.

"ఎల్లేశం యాడ? వానికి గేటు డ్యూటీ వచ్చిందంట గద. పోనీ, నీకు సుత వస్తది. రోజు నీ గుడ్లల్ల ఒకటి వానికి పెడుతున్నవని నాకెర్కలేదా? అందుకే ఇయ్యాల రాత్రికి సుత గుడ్లు ఉడకేసిన, నీకు రెండు, వానికొకటి. పిలువుపో, వేడి మీద తింటడు."

నర్సింలు సైకిల్ గోడకు ఆనించాడు. కాళ్ళు కడుక్కోలేదు. గడప మీదే కూలబడ్డాడు.

"వాడు రాడు. గా మూడోది సుత నాకే పెట్టు."

లచ్చమ్మ అతని మొహం చూసి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. కళ్ళ నీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోకుండా, పెంకులు ఒలుచుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి మూడు గుడ్లూ తిన్నాడు. దిగంగనే తినాలని ఉస్తాద్ చెప్పాడు కదా.