షాఫ్టు చల్లబడేదాకా

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నేను కల్లూరులోని ఒక పంపు విడిభాగాల కర్మాగారంలో తనిఖీ విభాగం ఇన్‌చార్జిని. బోరు పంపులకు షాఫ్టులు, బుష్షులు చేసేవాళ్లం. షాఫ్టంటే పంపు నడుమ తిరిగే ఉక్కు కడ్డీ. దాన్ని పట్టి ఉంచే గొట్టంలాంటి ముక్క బుష్షు. రెండింటి మధ్య ఖాళీ తల వెంట్రుకంత కూడా ఉండకూడదు.

ఒక ఉదయం బనగానపల్లె వైపు నుంచి ఓబులమ్మ అనే మామిడి రైతు వచ్చింది. ఆమె పాత పంపులో షాఫ్టు అరిగిపోయింది. ఆ రకం అంగళ్లలో దొరకలేదు. నీళ్లు లేక చెట్ల మీది కాయ రాలుతోంది. మా మేనేజరు ఆమె కోసం ఒకటి ప్రత్యేకంగా చేయించారు.

మధ్యాహ్నం గ్రైండింగ్ మిషను మీంచి దిగిన షాఫ్టు చేయి కాలేంత వేడిగా ఉంది. మందం కొలిచే మైక్రోమీటరులో కొలత సరిపోయింది. కానీ వేడికి ఉక్కు ఉబ్బుతుంది. కొలత గదిని ఎప్పుడూ ఇరవై డిగ్రీల వద్ద ఉంచుతాం. ముక్క అందులో పూర్తిగా చల్లబడ్డాకే అసలు కొలత.

"ఇచ్చేయండి మేడమ్, ఆడ కాయంతా రాలిపోతాండాది," అంది ఓబులమ్మ.

షాఫ్టు చల్లబడాలని చెప్పి, ఆమెను కూడా ఆ గదిలోకే పిలిచాను.

ఆ గదికి కిటికీల్లేవు. ఏసీ సన్నని హోరు, నూనె వాసన, నల్లరాతి బల్ల మీద మెరుస్తూ షాఫ్టు. బయట ఎండ ఉందన్న సంగతే మరుపున పడేది. ఓబులమ్మ కొంగు కప్పుకుని గోడకానుకుని నిద్రపోయింది. తడి మట్టిలో నడుస్తున్నట్టు ఆమె కాలివేళ్లు మెల్లగా కదిలాయి. నేను చప్పుడు చేయకుండా కూర్చున్నాను.

"చెట్ల మొదుళ్లలో నీళ్లు పారినట్టుండె మేడమ్," అంటూ లేచింది.

అప్పుడు కొలిచాను. షాఫ్టు సన్నబడింది. బిగిస్తే పంపు అదురుతుంది, కొన్ని నెలల్లోనే బుష్షు అరిగిపోతుంది. పనికిరాదని చెప్పాను.

"కంటికి కనపడని దానికి నా తోటను ఎండబెడతావా?" అంది.

రెండో షాఫ్టును పూర్తిగా చల్లబడ్డాకే చివరిసారి గ్రైండ్ చేయించాను. అది మరుసటి సాయంత్రం గానీ తయారు కాలేదు. ఆమె దాన్ని తీసుకుని షేర్ ఆటో ఎక్కింది.

తర్వాత ఫోన్ చేసింది. "కాయ శానా పోయింది మేడమ్. మోటారు మాత్రం సద్దు లేకుండా తిరుగుతాండాది." నేను రిటైరయ్యేదాకా ఆ పంపు మరమ్మతుకు రాలేదు.

వేడి మీద చూసింది కొలత కాదన్న నియమం నాకు ముందే తెలుసు. దాన్ని పాటించినప్పుడు నష్టం ఎదుట కూర్చున్న మనిషికి కలగవచ్చని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అత్యవసరమైన పనులన్నింటికీ, చల్లబడ్డాక ఒకటి పనికిరాకున్నా ఇంకొకటి చేతిలో ఉండేలా, షాఫ్టులు రెండేసి చేయించాను.