చింతపండుతో తోమిన కార్బ్యురేటర్

ఆ రోజుల్లో నా వెన్నెముక ఇప్పటికంటే చాలా నిటారుగా ఉండేది. కెనడాలో ఈ విండ్సర్ చలికాలాలు పదిహేను దాటేసరికి, వాకిట్లో మంచు ఎత్తి ఎత్తి ఇప్పుడు కాస్త వంగింది గాని, ఇరవై మూడేళ్ళ వయసులో మాస్టర్స్ చదవడానికి ఈ ఊళ్ళో దిగినప్పుడు, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు కోసం కూడా పట్టాభిషేకానికి నిలబడ్డట్టే నిలబడ్డాను. దానికి కారణం ఉంది. మాది ఉత్తరాంధ్రలో పదకొండు ఊళ్ళ జమీ. (ఉండేది అనాలి. నేను పుట్టేనాటికే ఊళ్ళు పోయాయి, మేడ పోయింది, ఏనుగైతే మా ముత్తాతగారి కాలంలోనే పోయింది. మాకు మిగిలినవి రెండు బీరువాల ఇత్తడి సామాను, నిటారుగా కూర్చునే అలవాటు.) మా నాన్నగారు తాలూకాఫీసులో గుమాస్తాగా పనిచేసినా, ఫైలు అందుకునేటప్పుడు అర్జీ స్వీకరిస్తున్నట్టే అందుకునేవారు. ఆయన కొడుకుని నేను.

అలాంటివాడికి పార్ట్ టైం ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు. పిజ్జా కొట్టువాడు ఎర్ర టోపీ పెట్టుకోమన్నాడు. మా వంశంలో తలపాగా తప్ప టోపీ ఎవరూ పెట్టలేదని నేను వచ్చేశాను. కాఫీ షాపులో గల్లా పక్కన టిప్పుల కోసం ఒక గాజు సీసా ఉంది. దాన్ని చూసి లోపలికే వెళ్ళలేదు. మా గదిలో కరీంనగర్ కుర్రాడొకడు ఉండేవాడు. ప్రపంచంలో అందరినీ కాకా అని పిలుస్తాడు కాబట్టి మేమూ అతణ్ణి కాకా అనే పిలిచేవాళ్ళం. నన్ను మాత్రం దొరా అనేవాడు. మూడో నెల రెంట్ దగ్గరపడ్డప్పుడు మంచం మీద కూర్చుని సాక్సు తొడుక్కుంటూ అడిగాడు.

"ఏం దొరా, మీ తాత ఏనుగు ఇంకేడనన్న ఉందా? ఉంటే తోలుకరా, అమ్మి రెంట్ కడదాం. లేదంటవా, నేనొక అంకుల్ తాన పని మాట్లాడిన. టోపీ లేదు, టిప్పు లేదు. పాత సామాన్ల నడుమ కూసుంటవు. నీకు మీ ఇంట్ల ఉన్నట్టే ఉంటది."

ఆ అంకుల్‌ది తెనాలి. ఇక్కడి కారు ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసి రిటైరై, ఇంటి వెనక గ్యారేజీలో మజిల్ కార్ల ఒరిజినల్ పార్టులు సేకరించి అమ్మేవారు. మజిల్ కార్లంటే అరవైల చివర్లో, డెబ్బైల మొదట్లో ఈ దేశాల్లో తయారైన కార్లు. పొడుగాటి మూతి, లోపల రాక్షసుడి లాంటి ఇంజను. వీధి మలుపులో ఉండగానే మన వంటింట్లో గిన్నెలు గలగలలాడతాయి. వాటిని ఇప్పటికీ ప్రాణంలా చూసుకునేవాళ్ళున్నారు. వాళ్ళు కొత్తగా చేసిన నకలు పార్టు ఎంత తళతళలాడినా ముట్టుకోరు. ఆనాటి ఫ్యాక్టరీలో పుట్టినదే కావాలి. అంకుల్‌కి ఈ పట్టింపు ఎంత ముదిరిందంటే, ఆంటీ అన్నం వడ్డిస్తుంటే కూడా "ఇది ఒరిజినల్ గోంగూరేనా, ఫ్రోజెనా?" అని అడిగేవారు. ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఆయన్ని ఒరిజినల్ అంకుల్ అనేవాళ్ళు.

మొదటిరోజు ఆయన గ్యారేజీ చూపిస్తూ, "ఇదుగో బాబూ, ఈ పనిలో కొన్ని మెలకువలున్నాయి, ముందు అవి చెప్తాను" అని మొదలుపెట్టారు. నేను నిటారుగా నిలబడి, "పాత వస్తువుల విలువ నాకు వేరే చెప్పనక్కర్లేదండీ. నేను పుట్టి పెరిగిందే వాటి మధ్య" అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అదృష్టవంతుణ్ణి. వచ్చే కుర్రాళ్ళందరికీ అఆలనుంచి చెప్పుకోవాల్సొస్తోంది" అని ఆ మెలకువలు చెప్పడం అక్కడితో మానేశారు. (నేనన్న ఆ మాట గుర్తుకొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.)

కానీ నిజం చెప్పాలి, వారం తిరిగేసరికి ఆ పని మీద నాకు వెర్రి వ్యామోహం పుట్టింది. ఎందుకంటే ఆ ఇనప ముక్కలకి వంశం ఉంది! ప్రతి పార్టు మీదా అది ఏ వారంలో పుట్టిందో తెలిపే అంకెలు చెక్కి ఉంటాయి. కారు పుట్టిన తేదీకి కొన్ని వారాల ముందు పుట్టిన పార్టయితేనే ఆ కారుకి సరిపడ్డట్టు. కారు తర్వాత పుట్టిందా, సంబంధం తప్పిపోయినట్టే. పెళ్ళిళ్ళకి జాతకాలు చూసినంత శ్రద్ధగా ఆ అంకెలు చూసి, పాత ధరల పుస్తకాలు తిరగేసి, ఒక్కోదానికి ధర నిర్ణయించి చీటీ కట్టడం నా పని. భూతద్దం పట్టుకుని ఆల్టర్నేటర్‌ని తిప్పి చూస్తూ, 'ఫిబ్రవరి మూడోవారం, సద్వంశం' అని గొణుక్కునేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేసి, ప్రాచీన యంత్ర భాగాల మదింపు అధికారిగా చేరానని చెప్పాను. మా అమ్మగారు ఆ మాట సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరవేశారు.

ఇలా ఉండగా ఒకనాడు అంకుల్ ఒక అట్టపెట్టెని పసిపాపని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చారు. ఎక్కడో పొలంలో పాత కొట్టంలో దొరికిందట. లోపల ఒక కార్బ్యురేటర్, అంటే ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే పార్టు. ఒక్కసారైనా ఇంజనుకి ఎక్కనిది. లేత బంగారు రంగు పూత మీద నాలుగు దశాబ్దాల మురికి అట్టకట్టి ఉంది. పక్కన గోరంత ఆకుపచ్చ పెయింటు చుక్క.

"లండన్ నుంచి ఒకాయన శనివారం వస్తున్నాడు" అన్నారు అంకుల్. (ఇంగ్లండు లండన్ కాదు, రెండు గంటల దూరంలో ఉన్న మా ఒంటారియో లండన్.) "రిటైరైన పోస్ట్‌మాన్. సరిగ్గా ఈ నంబరు, ఈ తేదీ కోసం పదకొండేళ్ళుగా తిరుగుతున్నాడు పాపం. ఆ కారొక్కటే ఆయన లోకం. చూడు బాబూ, నీకు దాపరికమెందుకు, ఈ ఏడు బేరాలు బాలేవు. ఇది మంచి ధరకి పోయిందా, వేసవంతా నీకు పని ఇవ్వగలను. పోలేదా, నిన్ను పెట్టుకునే స్తోమత నాకు లేదు. మేము బ్రాంప్టన్‌లో ఓ పెళ్ళికి వెళ్ళి శనివారం పొద్దుటికి వస్తాం. ఈలోపు దీన్ని బాగా చూసి చీటీ రాసిపెట్టు."

నేను బాగా చూశాను. చూసినకొద్దీ నా రాజరక్తం ఉడికిపోయింది. పదకొండేళ్ళు తపస్సు చేసినవాడు గడప తొక్కబోతుంటే, ఇంత గొప్పింటి బిడ్డని మురికి మొహంతో ముందు నిలబెడతామా? మా ఇంట్లో కలెక్టరుగారు భోజనానికి వస్తున్నారంటే ముందురోజే పనివాళ్ళు పెరట్లో వరసగా కూర్చుని ఇత్తడంతా చింతపండుతో తోమేవారట. అది చెప్పుకునేటప్పుడు మా నాయనమ్మగారి మొహం కూడా ఇత్తడిలాగే వెలిగేది. వంటింటి తాళం ఆంటీ నాకే ఇచ్చివెళ్ళారు. చింతపండు డబ్బా అటక మీద ఉంది. నానబెట్టాను. చొక్కా చేతులు మడిచాను. స్టీలు పీచు, పాత టూత్‌బ్రష్షు తీసుకుని మూడు గంటలు తోమాను. బంగారు రంగు వదిలి లోపలినుంచి వెండి తేలింది. తేలేకొద్దీ నాకు ఉత్సాహం ఎక్కువై పాటలు కూడా పాడాను. ఆకుపచ్చ చుక్క మాత్రం మొండికేసింది. ఏ పెయింటరు చేయి జారి పడిందో అనుకుని గోటితో, ఆ తర్వాత పిన్నీసుతో గీకి గీకి దాని అంతు చూశాను. చివరికి చీటీ మీద ధర వేసి, కింద నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'శుభ్రపరచినందుకు వంద డాలర్లు అదనం' అని రాసి కట్టాను.

శనివారం పొద్దున్న అంకుల్ పెళ్ళి ప్యాంటుతోనే నేరుగా గ్యారేజీలోకి వచ్చారు. బల్ల మీద పరిచిన ఎర్రగుడ్డ మధ్య మెరుస్తున్నదాన్ని చూసి ఆగిపోయారు.

"ఇదేంటయ్యా?"

"కార్బ్యురేటరండీ."

"అది కనబడుతోంది. మన కార్బ్యురేటర్ ఏదీ?"

"ఇదే మనదండీ."

ఆయన పక్కనున్న టైరు మీద నెమ్మదిగా కూర్చున్నారు. "ఆ పసుపు పూత?"

"వదిలిపోయిందండీ."

"ఆ ఆకుపచ్చ చుక్క?"

"అది చాలా మొండిదండీ. పిన్నీసు వాడాల్సొచ్చింది."

అదే సమయానికి ఆంటీ వెనకనుంచి, "నాయనా, డబ్బాలో చింతపండంతా ఏమైంది?" అంటూ వచ్చి, బల్ల మీదికి చూసి, "అబ్బ! ఎంత చక్కగా తోమావయ్యా! ఇది ఏం గిన్నె? నా పూజ సామాను కూడా ఓసారి చూసిపెట్టకూడదూ?" అన్నారు. అంకుల్ రెండు చేతులతో తల పట్టుకున్నారు.

అప్పుడు తెలిసింది నాకు. ఈ లోకంలో మురికికి ధర ఉంది. ఎవరూ ముట్టుకోని పూత, ఎవరూ కడగని దుమ్ము, అదే ఒరిజినల్ అనడానికి సాక్ష్యం. ఆకుపచ్చ చుక్క అయితే చెయ్యి జారి పడ్డది కాదు. ఫ్యాక్టరీలో తనిఖీ చేసినవాడు, పరీక్షలో పాసైందని పెట్టిన గుర్తు. దాన్నే అందరూ ముందు వెతుకుతారట. నేను తోమినకొద్దీ దాని ధర పడిపోతూ వచ్చిందన్నమాట.

"ఆ చుక్కలు ఎవరు పెట్టేవాళ్ళో తెలుసా?" అన్నారు అంకుల్. "నేనే. ఇంజనీరింగు ఫస్టు క్లాసులో పాసై ఈ దేశానికొస్తే, మొదటి రెండేళ్ళు నాకిచ్చిన పని అది. ఓ బ్రష్షు, ఓ డబ్బా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్కలు. ఇంటికి మాత్రం క్వాలిటీ ఆఫీసర్ని అని ఉత్తరం రాశాను."

నా మదింపు అధికారి హోదా గుర్తొచ్చి నేను నేలకేసి చూశాను. అంతలో నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది.

"అయితే అంకుల్, మళ్ళీ మీరే ఓ చుక్క పెట్టేయండి! అదే చెయ్యి కదా! ఇంతకంటే ఒరిజినల్ ఏముంటుంది?"

ఆయన కళ్ళు ఒక్క క్షణం అరలో ఉన్న ఆకుపచ్చ పెయింటు డబ్బా వైపు వెళ్ళాయి. (నేను చూశాను. ఆయన ఒప్పుకోరు గాని చూశాను.) వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, "చెయ్యి ఒరిజినలే బాబూ. చుక్క కాదు" అన్నారు.

పోస్ట్‌మాన్ పొడుగ్గా, పల్చగా ఉన్నాడు. కారు జన్మపత్రిక మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండె జేబులో తెచ్చుకున్నాడు. ఎర్రగుడ్డ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. అతని మొహంలో దీపం ఆరిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. అంకుల్ నోరు తెరవబోయారు. నిందని పెద్దవాళ్ళ మీద పడనివ్వడం మా ఇంట్లో నేర్పలేదు. నేను రెండడుగులు ముందుకు వేసి, నిటారుగా నిలబడి, ఇదంతా నేనే చేశాననీ, చింతపండుతో చేశాననీ, చింతపండు అంటే ఏమిటో, మా ఇంట్లో కలెక్టరుగారు భోజనానికి వచ్చినప్పుడు ఏంచేసేవారో మొత్తం ఇంగ్లీషులో విన్నవించాను. ఏనుగు ప్రస్తావన కూడా వచ్చింది, ఎందుకొచ్చిందో గుర్తులేదు.

అతను అంతా విని, "అయ్యో, సారీ" అన్నాడు.

పాడుచేసింది నేను, సారీ చెప్పింది అతను! కెనడా అంటే ఏమిటో నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. నేను ఇంకా గట్టిగా సారీ అన్నాను. అంకుల్ మధ్యలో ఇద్దరికీ సారీ చెప్పారు. ఆంటీ ఎందుకైనా మంచిదని టీ తెచ్చారు.

టీ తాగుతూ అతను భూతద్దంతో అంకెలు చూశాడు. అంకెలు చెక్కినవి కాబట్టి నా చింతపండుకి లొంగలేదు. తేదీ సరిపోయింది. "ప్రదర్శనకి పనికిరాదు. కానీ నేను దాన్ని నడుపుతాను కదా, నడిచేటప్పుడు మూత కింద ఎవరు చూస్తారు" అన్నాడు. చుక్క సంగతి అంకుల్ చెప్పగా విని, చాలాసేపు ఆయన చేతివైపే చూసి, "మీకు అభ్యంతరం లేకపోతే, ఒకటి పెట్టండి. నా ఎదురుగా. ఇది ఇవాళ్టి చుక్క అని బిల్లు మీద రాసే తీసుకుంటాను" అన్నాడు. అంకుల్ బ్రష్షు ముంచారు. డబ్బా నేను పట్టుకున్నాను. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి తడుముకోలేదు. టక్కున ఒక్క చుక్క. ఆంటీ చప్పట్లు కొట్టారు.

చీటీ మీది ధరలో మూడో వంతే వచ్చింది. అది నా వేసవికి చాలదు. పోస్ట్‌మాన్ వెళ్ళాక అంకుల్ అన్నారు: "రేపట్నుంచి అఆలు మొదలుపెడదాం. నిన్ను పంపేస్తే నువ్వు ఇంకెవరి గ్యారేజీలోనో తోముతావు. నాకా పాపం వద్దు. జీతం మాత్రం సగమే." గదికి వెళ్ళి చెబితే కాకా పొట్ట పట్టుకుని దొర్లి దొర్లి నవ్వాడు. "దొరా, రేపు నా బైక్ గూడ తోముతవా? చింతపండు నేనే తెస్త!"

మూడేళ్ళ కిందట అంకుల్, ఆంటీ పిల్లల దగ్గరికి టొరంటో మారుతూ గ్యారేజీ ఖాళీ చేశారు. సాయానికి వెళితే, తలుపు వెనక గోడకి నా చీటీ కనిపించింది. 'శుభ్రపరచినందుకు వంద డాలర్లు అదనం.' నూనె మరకలు పడి, అంచులు పసుపెక్కి ఉంది. దాని మూల గోరంత ఆకుపచ్చ చుక్క. ఎప్పుడు పెట్టారని అడిగితే, "ఆ రోజే. ఆ పోస్ట్‌మాన్ ముందు నిలబడి అంతా ఒప్పుకున్నావు చూడు, అప్పుడే పాసయ్యావు" అని అంకుల్ పెట్టెలు సర్దుకోవడంలో పడిపోయారు.

ఆ చీటీ ఇప్పుడు మా హాల్లో ఉంది. మొన్న మా అమ్మాయి దాన్ని చూసి, "డాడ్, ఇట్స్ సో డర్టీ, తుడిచెయ్యనా?" అని తడిగుడ్డతో వచ్చింది. నేను ఎంత గట్టిగా అరిచానంటే వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ నన్ను అదోలా చూస్తుంటే, మంచు ఎత్తి ఎత్తి వంగిన నడుముని వీలైనంత నిటారుగా చేసి నిలబడి, "అది ఒరిజినల్" అన్నాను.